ఖాళీ గడి

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి మీటింగు గది తలుపు వేసి, డార్సీ ప్రౌస్ అందరి ముఖాల్లోకీ ఒకసారి చూసి, "మనం ఇక్కడ ఎవర్నీ వేలెత్తి చూపడానికి కూర్చోలేదు" అన్నాడు. ఆ మాట అన్నాడంటే వేలు ఎటు చూపాలో ముందే తేల్చుకుని వచ్చాడని ఐలా లాహ్టినెన్‌కి అర్థమయింది. పోర్ట్ హెల్మర్ కరెంటు సంస్థలో చేరాక ఆమె చూసిన మేనేజర్లలో ఇతను ఐదోవాడు. అందరికీ అదే బూడిదరంగు స్వెట్టరు, అవే తెల్లటి బూట్లు, చదవని కాగితాన్ని చూస్తూ తల ఊపడంలో అదే నేర్పు.

జరిగింది చిన్న విషయం కాదు. సోమవారం సీడర్ రోడ్డులో తీగలు మార్చడానికి మూడు గంటలు కరెంటు తీశారు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఉన్నవాళ్లకు ఒకరోజు ముందు ఫోన్ చేసి చెప్పాలి, అవసరమైతే జనరేటరు వ్యాను పంపాలి. హిల్మా రౌటియో అనే ఎనభై రెండేళ్ల ఆవిడకు ఫోను వెళ్లలేదు, వ్యానూ వెళ్లలేదు. పక్కింటాయన వాకిట్లో మంచు తీస్తూ కిటికీలోంచి ఆవిడ కుర్చీలో ఒరిగిపోయి ఉండటం చూశాడు కాబట్టి ప్రాణం దక్కింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది.

ఆవిడ పేరు పాత సిస్టంలో ఉంది. సెప్టెంబరులో వివరాలన్నీ కొత్త సిస్టంలోకి మార్చినప్పుడు రాలిపోయింది. ఆవిడతో పాటు మరో నలభై ఇళ్లు రాలిపోయాయి. పాతదాంట్లో మెడ్ హోల్డ్ అనే కాలమ్ ఉండేది. అందులో ఒకే ఒక్క అక్షరం పడుతుంది. వై అంటే ఇంట్లో వైద్య యంత్రం ఉంది. ఎన్ అంటే లేదు. పి అంటే, ఉందని ఇంటివాళ్లు చెప్పారు, డాక్టరు ఉత్తరం ఇంకా రావాలి, వచ్చేదాకా ఉన్నట్టే చూడాలి. కొత్త సిస్టంలో ఆ కాలమ్‌కి రెండే విలువలు, అవును, కాదు. మార్చిన మనిషి వై ఉన్నవాటిని అవునులో వేసి, మిగిలినవన్నీ కాదులోకి తోసేశాడు.

ఆ మనిషి బల్ల చివర కూర్చుని ఉన్నాడు. ఎమిల్ థెరియో, అరవై ఒకటేళ్లవాడు, ఎనిమిది నెలల కిందట ఒక ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు మీద వచ్చాడు. ఉన్ని చేతుల్లేని కోటు, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. కంప్యూటరులో చూడాల్సినవన్నీ కాగితం మీద అచ్చు తీసుకుని, స్కేలు పెట్టి గీతలు కొట్టుకుంటాడు. మధ్యాహ్నం బల్ల దగ్గరే సార్డీన్ చేపల డబ్బా విప్పుతాడు. ఆ వాసన మెట్లెక్కి రెండో అంతస్తు దాకా వస్తుంది. అతని గురించి ఐలాకి తెలిసింది అంతే. అంతకన్నా తెలుసుకోవాల్సింది ఉందని ఆమెకు తోచలేదు.

"ఐలా, పి అంటే ఏమిటో మన కాటలాగ్‌లో రాసి ఉందా?" అని డార్సీ అడిగాడు.

కాటలాగ్ ఐలాది. సంస్థలో ఏ కాలమ్‌లో ఏముంటుందో, అది అంకెనా, తేదీనా, అక్షరమా, ఆ అక్షరానికి అర్థమేమిటో అన్నీ వెతుక్కుని చూసుకునే చోటు అది. అందులో నాలుగు వేల పైచిలుకు నిర్వచనాలు ఆమె చేత్తో రాసినవే.

"రాసి ఉంది. రెండేళ్ల కిందట రాశాను. డేటా టైపు, మూడు అక్షరాలు, మూడింటికీ అర్థాలు, పి ని ఎలా చూడాలో కూడా. చదవడం వచ్చినవాళ్లకి అరనిమిషం పని."

"నేను చూశాను మేడమ్" అన్నాడు ఎమిల్. "డేటా టైపు ఉంది. ఒక అక్షరం అని ఉంది. పక్కన నిర్వచనం గడి ఖాళీగా ఉంది."

"ఖాళీగా ఉన్నది కాటలాగ్‌లో గడి కాదులెండి" అంది ఐలా.

డార్సీ నవ్వబోయి, నవ్వకూడని సందర్భమని గుర్తొచ్చి దగ్గాడు. ఎమిల్ కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తన కాగితాల మీదికి తల వంచాడు. దొరికిపోయినవాళ్లు అలాగే తల వంచుతారని ఐలా అనుకుంది.

ఆ నలభై ఒక్క ఇళ్లనూ మధ్యాహ్నంలోగా చేత్తో జాబితాలోకి ఎక్కించారు. ఇక మిగిలింది మనిషిని పంపించడం. మీటింగు అయ్యాక డార్సీ ఐలా వెనకే వరండాలోకి వచ్చి గొంతు తగ్గించాడు.

"శుక్రవారం ఫైలు మూసేయాలి. ఆ పేజీ తేదీతో సహా నాకు అచ్చు తీసి ఇవ్వండి. అతని ఏజెన్సీకి ఉత్తరం రాస్తాం."

"ఏమని?"

"రాసి ఉన్నది చదవకుండా పనిచేశాడని. అశ్రద్ధ అని. బాధగానే ఉంది, కానీ మనకి ఎవరో ఒకరు ఉండాలి కదా."

అలాంటి ఉత్తరం వెళ్లాక ఆ వయసులో ఎమిల్‌ని ఇంకెవరూ పనిలోకి తీసుకోరని ఇద్దరికీ తెలుసు. ఐలా తన గదికి వెళ్లి పేజీ తెరిచింది. నిర్వచనం ఉంది. ఎనిమిది వరసలు, ఒక్క కామా అటూ ఇటూ కాకుండా. కింద ఆమె పేరు, రెండేళ్ల కిందటి ఏప్రిల్ తేదీ. అచ్చు తీసింది. పి గురించిన వరస మీద పసుప్పచ్చ పెన్నుతో నెమ్మదిగా, అంచులు దాటకుండా గీసింది. డార్సీకి దారి చూపకపోతే అతను ఆ వరస దాకా చేరడని ఆమె నమ్మకం.

*

బుధవారం, గురువారం ఐలా చాలా ఉత్సాహంగా పనిచేసింది. కిందటి నెలలో చేరిన ఇద్దరు ఇంజనీర్లు ట్రాన్స్‌ఫార్మరు వయసుని తేదీగా పెట్టాలా అంకెగా పెట్టాలా అని మెయిల్ రాస్తే, జవాబుగా కాటలాగ్ లింకు మాత్రం పంపింది. పైన పలకరింపు లేదు, కింద పేరు లేదు. ఇలాంటి మెయిళ్లకు ఆమె ఒకప్పుడు నాలుగు వాక్యాలు రాసేది. ఎందుకు రాయాలి? చెంచాతో నోట్లో పెడితే తప్ప తినలేనివాళ్లకి జీతాలెందుకు?

గురువారం మూడింటికి బెవ్ ఒకిమా ఫోన్ చేసింది. కింది అంతస్తులో వినియోగదార్ల ఫోన్లు తీసుకునే బల్లకి ఆవిడ పెద్ద. ఇద్దరూ ఇంచుమించు ఒకే ఈడువాళ్లు, ఒకే ఏడాది చేరారు. స్నేహం మాత్రం లేదు.

"ఐలా, ఇక్కడ ఒకాయన లైన్లో ఉన్నాడు. ఆయన పేజీలో సర్వీస్ రకం టి-4 అని ఉంది. టి-4 అంటే ఏమిటి తల్లీ?"

"కాటలాగ్‌లో చూడు."

"చూశాను. లేదు."

"ఉంది బెవ్. మార్చిలో నేనే రాశాను. మూడేళ్లుగా ప్రతివారం నువ్వు ఫోన్ చేస్తావు, ప్రతివారం నేను ఇదే చెప్తాను. నీకు వెతకడం రాదా, చదవడం రాదా?"

"రెండూ వచ్చు. నువ్వే రా. వచ్చి నా తెర మీద చూపించు. లేదంటే ఆయన్ని నీ లైనుకి కలుపుతాను, గంట నుంచీ తిడుతున్నాడు, నీకూ కాస్త కాలక్షేపం."

ఐలా లేచింది. బెవ్‌కి ఆవిడ వాళ్లందరి ముందూ ఒకసారి మెత్తగా వడ్డించాలని ఐలాకి చాలాకాలంగా ఉంది. మెట్లు దిగి ఫోన్ల గదిలోకి వెళ్లేసరికి పన్నెండు తలలు ఒకేసారి తిరిగాయి. బెవ్ బల్ల మీద సగం తిన్న పర్షియన్ అనే తీపి బన్ను ఉంది. గులాబీరంగు పూత కీబోర్డుకి కూడా అంటుకుంది. ఐలా రెండు వేళ్లతో మౌసు పట్టుకుంది.

"చూడు. పేరు కొట్టు. ఇది కాలమ్. ఇది డేటా టైపు, రెండు అక్షరాలు. ఇక్కడ నిర్వచనం..."

గడిలో బూడిదరంగు అక్షరాలతో, నిర్వచనం ఇవ్వలేదు, అని ఉంది.

"అదే నేనూ చదివింది" అంది బెవ్. "నా చదువు అక్కడిదాకా వచ్చింది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఐలా పేజీ మూసి మళ్లీ తెరిచింది. ఇంకో కాలమ్ వెతికింది. అదీ ఖాళీ. ఇంకొకటి తీస్తే నిండుగా ఉంది, ఐదేళ్ల కిందటిది. మళ్లీ ఒకటి ఖాళీ. చివరికి, అడగకుండానే, మెడ్ హోల్డ్ అని కొట్టింది. ఒక అక్షరం. నిర్వచనం ఇవ్వలేదు.

"నీకెప్పుడూ ఇలాగే కనిపిస్తుందా?"

"కొత్తవన్నీ ఇలాగే. పాతవి కనిపిస్తాయి. అందుకేగా నీకు ఫోన్ చేసేది, నీ గొంతు మీద మోజుతో కాదు."

"ఖాళీగా ఉందని నాకెప్పుడూ చెప్పలేదే."

"లేదు అని ప్రతిసారీ చెప్పాను. నువ్వు నాకు కళ్లు లేవన్నావు." బెవ్ హెడ్‌సెట్ సర్దుకుంది. "ఇంతకీ టి-4 అంటే ఏమిటి? ఆయన ఇంకా లైన్లోనే ఉన్నాడు."

"వేసవి కాటేజీకి తాత్కాలిక కనెక్షను" అని చెప్పి ఐలా పైకి వచ్చేసింది.

తన తెర మీద మెడ్ హోల్డ్ పేజీలో ఎనిమిది వరసలూ ఉన్నాయి. పేజీ అట్టడుక్కి జరిపింది. అక్కడ ఆమె ఎన్నడూ చూడనంత చిన్న అక్షరాల్లో, చిత్తుప్రతి, రాసినవారికి మాత్రమే కనిపిస్తుంది, అని ఉంది. పక్కన రెండు బొత్తాలు. ఒకటి సేవ్. ఇంకొకటి పబ్లిష్.

మూడేళ్ల కిందట కాటలాగ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఒక పూట శిక్షణ ఇచ్చారు. వచ్చిన కుర్రాడు తెర మీద చూపించిన బొమ్మల్లో మొదటిదాంట్లోనే రెండు తప్పులు ఉన్నాయి. ఆ రెండూ ఎత్తి చూపించి, ఇతని దగ్గర నేర్చుకునేదేముందని ఐలా టీ తాగడానికి లేచి వెళ్లిపోయింది. తిరిగి రాలేదు. అప్పట్నుంచీ సేవ్ నొక్కుతూనే ఉంది. చిత్తుప్రతుల లెక్క అడిగితే యంత్రం ఒక్క క్షణంలో చెప్పింది. పదమూడు వందల ఆరు.

కిటికీ అవతల పార్కింగులో మంచు తోసే బండి వెనక్కీ ముందుకీ తిరుగుతోంది. ఐలా చేతులు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు పబ్లిష్ నొక్కితే అన్ని గడులూ నిండిపోతాయి. పేజీ కింద పాత ఏప్రిల్ తేదీ అలాగే ఉంటుంది. పబ్లిష్ చేసిన తేదీ చరిత్ర అనే ఇంకో పేజీలో పడుతుంది, దాన్ని తెరిచినవాళ్లు ఈ భవనంలో ఎవరూ లేరు. డార్సీ తెరవడు, తెరిస్తే ఏం చూడాలో అతనికి తెలియదు. ఏజెన్సీ వాళ్లు పసుప్పచ్చ గీత చూసి ఆగిపోతారు. చదవరని ఇన్నేళ్లూ ఎవర్ని ఈసడించుకుందో, వాళ్లు చదవకపోవడం మీదే తన పరువు భద్రంగా ఉంది.

ఎమిల్ మీద ఆమెకు జాలి కలగలేదు. చేపల వాసన మనిషి చేపల వాసన మనిషే. కానీ ఫైల్లో తను ఇచ్చిన కాగితం ఒక తప్పు చెప్తోంది. రెండేళ్లుగా అందరికీ తెలిసే చోట ఉంది అంటోంది. అది అబద్ధం, అందులోనూ తన పేరుతో, తన చేత్తో గీత గీసి ఇచ్చిన అబద్ధం. అలాంటిదాన్ని ఉండనిచ్చి ఇంటికి వెళ్లడం ఆమెకు చేతకాలేదు. బొత్తాం నొక్కలేదు. కంప్యూటరు ఆపి, బూట్లు మార్చుకుని, కోటు వేసుకుంది.

*

శుక్రవారం పదింటికి అదే గది. డార్సీ ముందు పల్చటి ఫైలు ఉంది. ఎమిల్ ఇవాళ కోటు లోపల టై కట్టుకుని వచ్చాడు. తన సామాను సర్దిన అట్టపెట్టె కూడా పట్టుకొచ్చి కుర్చీ పక్కన పెట్టుకున్నాడు. మళ్లీ తన బల్ల దగ్గరికి వెళ్లే పని లేకుండా అన్నమాట.

"ఎమిల్, ఈ నిర్ణయం మాకూ సులువు కాదు" అని డార్సీ మొదలుపెట్టాడు.

"ఒక్క నిమిషం" అంది ఐలా. "ఆ పేజీ ఒకసారి గోడ మీద తెరుద్దాం. నా లాగిన్‌తో కాదు, ఎమిల్ గారి లాగిన్‌తో."

"అచ్చు కాగితం ఉంది కదా ఐలా."

"అది నా తెరది. ఆయనకి ఏం కనిపించిందో చూద్దాం."

ఎమిల్ రెండు వేళ్లతో తన పేరు, పాస్‌వర్డు నెమ్మదిగా కొట్టాడు. గోడ మీద పేజీ తెరుచుకుంది. ఒక అక్షరం. నిర్వచనం ఇవ్వలేదు. అంత పెద్ద గోడ మీద ఆ ఖాళీ మరీ పెద్దగా కనిపించింది.

డార్సీ దానివంకా, చేతిలోని కాగితంవంకా మార్చి మార్చి చూశాడు. అతని ముఖంలో మొదట గాభరా కనిపించింది. తర్వాత చూస్తుండగానే వెలుగొచ్చింది.

"అంటే ఇది సాఫ్ట్‌వేర్ లోపం. తయారు చేసినవాళ్ల తప్పు. భలే పట్టుకున్నారు ఐలా. ఇక మనవాళ్లెవరికీ ఇబ్బంది లేదు. వాళ్లకే ఉత్తరం రాద్దాం."

"లోపం కాదు. రాసిన తర్వాత పబ్లిష్ అని ఇంకో బొత్తాం నొక్కాలి. నేను నొక్కలేదు. మూడేళ్లుగా నొక్కలేదు. మీకిచ్చిన కాగితం చెల్లదు, తీసేయండి."

"అలా మరీ గట్టిగా అనుకోనక్కర్లేదు. ఆ బొత్తాం కనపడే చోట పెట్టకపోవడం డిజైన్ సమస్య. నేను రాయిస్తాను."

"కనపడే చోటే ఉంది. నేను చూడలేదు."

డార్సీకి ఈ మాట నచ్చలేదు. మనిషి దొరికినా, యంత్రం దొరికినా అతనికి ఒకటే గానీ, ఇలా ఎదురుగా కూర్చుని నేనే అనేవాళ్లతో ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. ఫైలు మూసి తెరిచి మూశాడు. "సరే, ఎమిల్, మీరు కనీసం నన్నయినా అడిగి ఉండాల్సింది" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కనక.

"అడిగాను." ఎమిల్ అట్టపెట్టెలోంచి ఒక కాగితం తీశాడు. స్కేలు గీతలు కొట్టిన కాగితం. "ఆగస్టు పంతొమ్మిది. పి ని అవునులో వేయాలా, కాదులో వేయాలా అని మెయిల్ రాశాను. మీరు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపారు."

హీటరు గొట్టం టకటకమంది. డార్సీ తన ఫోను తీసి అది నిజమా అని వెతకడం మొదలుపెట్టాడు. అది చాలాసేపు పట్టేలా ఉంది.

"అయినా నా తప్పు లేకపోలేదు" అన్నాడు ఎమిల్, ఈసారి ఐలా వైపు తిరిగి. గొంతులో కోపం లేదు, కృతజ్ఞతా లేదు. "గడి ఖాళీగా ఉంటే ఊహించకూడదు. రాసినవాళ్లని అడగాలి. మీరు పైన ఇరవై రెండు మెట్ల దూరంలో ఉన్నారు. నాకు తెలుసు. రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"జూలైలో ఒకసారి వచ్చాను మేడమ్. మీటరు నంబరుని అంకెగా కాక అక్షరాలుగా ఎందుకు పెట్టారని అడిగాను. మీరు ముందు నేను ఎంతవరకు చదువుకున్నానని అడిగారు." కళ్లజోడు తాడు సర్దుకున్నాడు. "మళ్లీ రాబుద్ధి కాలేదు. పి అంటే పోయినవాళ్లేమో, యంత్రం తీసేశారేమో అనుకుని కాదులో వేశాను. మళ్లీ ఆ మాట పడటం కన్నా అదే తేలికనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గుగా ఉంది. ఆవిడ నీలంగా మారిపోయిందట."

ఐలాకి జూలై గుర్తులేదు. అలాంటి మాట తను ఎంతమందితో అందో, అందులో ఎంతమంది మళ్లీ మెట్లెక్కలేదో లెక్క చెప్పే పేజీ ఏదీ లేదు.

ఉత్తరం వెళ్లలేదు. డార్సీ పదకొండింటికల్లా అందరికీ మెయిల్ పంపాడు. సమష్టిగా నేర్చుకున్న పాఠం గురించి మూడు పేరాలు, అందులో మనిషి పేరుగానీ బొటనవేలుగానీ లేవు. ఎమిల్ పెట్టె తీసుకుని తన బల్లకే తిరిగి వెళ్లి, తీసినవన్నీ తీసిన చోట పెట్టుకున్నాడు. పన్నెండుంపావుకి సార్డీన్ వాసన మెట్లెక్కి వచ్చింది.

ఐలా మొదట మెడ్ హోల్డ్ తెరిచి పబ్లిష్ నొక్కింది. తర్వాత టి-4. తర్వాత ఒక్కొక్కటే. అన్నీ ఒకేసారి నొక్కే దారి ఉందేమో ఆమెకు తెలియదు, అది చెప్పిన పూట ఆమె టీ తాగుతూ ఉంది. నలభయ్యో యాభయ్యో అయ్యాక మెయిల్ వచ్చింది. ఎమిల్ దగ్గర్నుంచి, రెండు వరసలు.

"మెడ్ హోల్డ్ చదివాను. డాక్టరు ఉత్తరం వచ్చేదాకా అన్నారు. ఎన్నాళ్లు చూడాలి? ఎప్పటికీ రాకపోతే ఏమిటి?"

ఐలా జవాబు కొట్టబోయి ఆగింది. ఎనిమిది వరసలూ మళ్లీ చదివింది. ఎన్నాళ్లో లేదు. రాకపోతే ఏమిటో లేదు. ఆ వాక్యాన్ని ఆమె పాత కాగితం నుంచి ఎత్తి రాసి, కామాలు సరిచేసింది. ఉత్తరం రాని ఇల్లు అనేది ఒకటి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. ఎవర్ని అడగాలో కాసేపు తట్టలేదు. తట్టాక, లేచి కిందికి వెళ్లింది.

బెవ్ ఫోనులో ఉంది. ఐలాని చూసి ఆగమన్నట్టు వేలు చూపించి, తీరిగ్గా మాట్లాడి, తీరిగ్గా వివరాలు ఎక్కించి, అప్పుడు హెడ్‌సెట్ మెడ మీదికి జార్చింది. ఆ నాలుగైదు నిమిషాలూ ఐలా నిలబడే ఉంది. ఎవరూ కుర్చీ చూపించలేదు.

"పి ఉన్న ఇళ్లకి డాక్టరు ఉత్తరం ఎన్నాళ్లకి వస్తుంది?"

"ఎవరికి వస్తుంది?"

"సీడర్ రోడ్డు ఆవిడకి. హిల్మాకి."

"హిల్మాకి డాక్టరు ఏడి? ఆవిడ డాక్టరు రిటైరయి నాలుగేళ్లయింది. కొత్త డాక్టరు కోసం జాబితాలో పేరు రాయించుకుంది, ఆ జాబితాలో ఊరు సగం ఉంది. ఉత్తరం ఎవరు రాస్తారు, పక్కింటాయనా?" బెవ్ కుర్చీ తిప్పి ఆమె ముఖంలోకి చూసింది. "నెలనెలా నేనే ఫోన్ చేసి యంత్రం ఆడుతోందా అని అడిగేదాన్ని. పాత సిస్టం పోయేదాకా పి ని పి గానే ఉంచాను. పైవాళ్లెవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఉత్తరం రావాలి అని రాశావా ఏమిటి?"

"అలాగే రాశాను."

"వీళ్లల్లో ఉత్తరం వచ్చేవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతావాళ్లకి రాదు. అది రాని ఉత్తరమే. ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. చెప్పమంటే చెప్తాను, గంట పడుతుంది."

"చెప్పు" అంది ఐలా.

బెవ్ కాలితో పక్క కుర్చీని ఇటు తోసింది. ఐలా కూర్చుని, రాసుకుందామని చూసుకుంటే చేతిలో కాగితం లేదు. ఒక్క మాటలో తేలిపోతుందనుకుని వచ్చింది.